‘హిందుస్తాన్’ నౌక: పద్దులో లేని రెండు రోజులు

ప్రతి యుద్ధనౌకకూ ఒక సేవాచరిత్ర ఉంటుంది. ఎక్కడ కట్టారు, ఏ ఏడు నీళ్ళలోకి దింపారు, బరువెంత, ఫిరంగులెన్ని, చివరికి ఎప్పుడు తుక్కు కింద విరగ్గొట్టారు – ఇదీ దాని వరస. ‘హిందుస్తాన్’ అనే నౌకకూ అలాంటి పద్దు ఉంది. ఇంగ్లండులో టైన్ నది ఒడ్డున స్వాన్ హంటర్ కంపెనీ కట్టింది. 1930లో జలప్రవేశం. బరువు సుమారు 1,200 టన్నులు. నాలుగంగుళాల ఫిరంగులు రెండు. వేగం గంటకు పదహారు నాటికల్ మైళ్ళు. దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌కు వెళ్ళింది. అక్కడ ‘కర్సాజ్’ అని పేరు మార్చారు. 1951లో విరగ్గొట్టారు. ఇరవై ఒక్క సంవత్సరాల ఇనుము కథ ఇంతే.

ఈ పద్దులో ఓడ ఉంది, ఓడలోని మనుషులు లేరు. ఓడ ఎవరికి సేవ చేసిందో ఉంది, ఒక దశలో ఆ సేవ చేయమని ఎవరు మొరాయించారో లేదు. ఉన్నా ఒక వాక్యంలో ముగిసిపోతుంది. ఆ ఒక వాక్యాన్ని విప్పి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

దీనికి ఒక కారణం ఉంది. స్వాతంత్ర్యోద్యమం పాఠం చెబుతూ, 1946 ఫిబ్రవరిలో నావికులు తిరుగుబాటు చేశారని పుస్తకంలో ఉన్న మాట చదివి, తర్వాతి పేరాకు వెళ్ళబోయాను. వెనక బల్ల మీది పిల్లవాడొకడు లేచి, ‘‘తర్వాత వాళ్ళేమయ్యారు మాస్టారూ?’’ అని అడిగాడు. పుస్తకంలో జవాబు లేదు. ఆ రోజు నా దగ్గరా లేదు. పిల్లలు అడిగే ప్రశ్నల్లో చరిత్రకారులు వదిలేసిన పేజీలు ఉంటాయి.

‘హిందుస్తాన్’ స్లూప్ తరగతి నౌక. అంటే తీరాన్ని కాపలా కాయడానికి, సరుకు ఓడల వెంట రక్షణగా పోవడానికి పనికివచ్చే చిన్న యుద్ధనౌక. పెద్ద యుద్ధాల కోసం కట్టింది కాదు. దాని పేరు హిందుస్తాన్, పేరుకు ముందున్న బిరుదు మాత్రం రాజుగారిది. 1934లో రాయల్ ఇండియన్ నేవీ ఏర్పడిన తర్వాత ఇది ‘హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్’ అయింది. ఖర్చు మన ఖజానాది, ఓడ రాజుది. పై అధికారులు దాదాపు అందరూ ఆంగ్లేయులు. ఒక భారతీయుడికి, డి.ఎన్. ముఖర్జీకి, ఈ దళంలో అధికారి హోదా మొదటిసారి దక్కింది 1928లో మాత్రమే. డెక్కు కడిగేదీ, ఫిరంగి దగ్గర నిలబడేదీ మనవాళ్ళు. ఒక్క ఓడలో వలసపాలన మొత్తం ఇమిడి ఉంది. పై అంతస్తులో ఆజ్ఞ, కింది అంతస్తులో శ్రమ.

1939లో యుద్ధం మొదలైనప్పుడు ఈ దళంలో రెండు వేలమంది కూడా లేరు. యుద్ధం ముగిసేనాటికి పాతిక వేలు దాటారు. ఆ యుద్ధం మనకు దూరాన జరిగింది కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఊళ్ళు ఖాళీ చేసి బండ్ల మీద పారిపోయిన కథలు మన పెద్దలు ఎన్నోసార్లు చెప్పారు. సరిగ్గా అదే రోజున బర్మా తీరంలో, అక్యాబ్ దగ్గర, ‘ఇండస్’ అనే మరొక భారతీయ స్లూప్‌ను జపాన్ విమానాలు ముంచేశాయి. మన వీధుల్లో భయం, ఆ ఓడ మీద చావు ఒకే దినాన వచ్చినవి. అయినా మొదటిది మనకు గుర్తుంది, రెండోది లేదు.

యుద్ధకాలంలో చేరినవాళ్ళలో చదువుకున్న యువకులు ఎక్కువ. వైర్‌లెస్, సిగ్నల్ పనులకు అక్షరజ్ఞానం కావాలి. మంచి జీతం, వృత్తిశిక్షణ, యుద్ధానంతరం ఉద్యోగం అని ప్రకటనల్లో ఆశ చూపారు. తీరా చేరాక దక్కింది తక్కువ జీతం, నోట పెట్టలేని తిండి, తెల్ల అధికారుల నోటివెంట జాతిని, తల్లిని కలిపి తిట్లు. ఫాసిజం మీద స్వేచ్ఛ కోసం పోరాడుతున్నామని వాళ్ళకు చెప్పారు. ఓడల్లో సముద్రాలు దాటినవాళ్ళు స్వతంత్ర దేశాల నావికులను చూశారు. తిరిగి వచ్చేసరికి ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల మీద విచారణ నడుస్తోంది. యుద్ధం ముగిసింది కాబట్టి ఇక ఇంటికి పొమ్మనే ఉత్తర్వులు ఎదురుచూస్తున్నాయి. కడుపులోని మంట, మనసులోని మంట ఈ దశలో కలిశాయి.

కొందరు చరిత్రకారులు దీన్ని ‘తిండి గొడవ’ అని తేల్చేశారు. తిండి గొడవే. దాన్ని కాదనవలసిన పని లేదు, సిగ్గుపడవలసిన పని అంతకన్నా లేదు. పురుగుల పప్పు వడ్డించినవాడు, బూతులు తిట్టినవాడు, దేశాన్ని ఏలుతున్నవాడు ఒక్కడే అని తెలిసిన క్షణంలో తిండి గొడవ రాజకీయమవుతుంది. అర్థం కానివాళ్ళు ఆ కోర్కెల జాబితా చూడాలి. మంచి భోజనం, బ్రిటిష్ నావికులతో సమానమైన జీతం అన్న కోర్కెల పక్కనే ఆజాద్ హింద్ ఫౌజు ఖైదీల విడుదల, ఇండొనేషియా నుంచి భారత సైన్యాల ఉపసంహరణ ఉన్నాయి. తమ కంచం గురించి అడిగినవాళ్ళే పొరుగు దేశపు స్వాతంత్ర్యం గురించీ అడిగారు.

1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని ‘తల్వార్’ సిగ్నల్ శిక్షణ కేంద్రంలో సమ్మె మొదలైంది. అంతకుముందే బి.సి. దత్ అనే యువ నావికుణ్ణి, గోడల మీద ‘క్విట్ ఇండియా’ నినాదాలు రాశాడని నిర్బంధించారు. సమ్మెవార్త వైర్‌లెస్ మీద ఓడ నుంచి ఓడకు పాకింది. పాలకులు తమ ఆజ్ఞల కోసం నేర్పిన విద్యే వాళ్ళకు అడ్డం తిరిగింది. డెబ్బై ఎనిమిది ఓడలు, ఇరవై తీరస్థావరాలు, ఇరవై వేలమంది నావికులు సమ్మెలో చేరారని చరిత్ర గ్రంథాలు లెక్క చెబుతున్నాయి. అందులో మన విశాఖపట్నం నావికులూ ఉన్నారు. ఎం.ఎస్. ఖాన్ అధ్యక్షుడుగా, మదన్‌సింగ్ ఉపాధ్యక్షుడుగా సమ్మె సంఘం ఏర్పడింది. కాంగ్రెస్, లీగ్, కమ్యూనిస్టు జెండాలు మూడూ ఒకే కొయ్య మీద ఎగిరాయి. నాయకులు కూర్చున్న బల్లల దగ్గర కలవని జెండాలు అవి.

‘హిందుస్తాన్’ ఆ రోజుల్లో కరాచీ రేవులో, కియామరి వద్ద ఉంది. ఎదురుగా మనోరా ద్వీపంలో ‘బహదూర్’, ‘హిమాలయ’, ‘చమక్’ అనే శిక్షణ కేంద్రాలు. బొంబాయి కబురు అందగానే ఇక్కడా సమ్మె రాజుకుంది. ఫిబ్రవరి 21న మనోరా నావికులు పడవల్లో ఇవతలి ఒడ్డుకు రాబోగా బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ‘హిందుస్తాన్’ తన ఫిరంగులతో బదులిచ్చింది. పదహారేళ్ళుగా రాజుగారి పేరు మోసిన ఓడ మొట్టమొదటిసారి రాజుగారి సైన్యం మీద నోరు తెరిచింది. నౌకాదళాధిపతి గాడ్‌ఫ్రే అదే రోజు రేడియోలో హెచ్చరించాడు. దళం మొత్తం నాశనమైనా సరే, తిరుగుబాటును అణచి తీరుతామని దాని సారాంశం.

మర్నాడు ఉదయం గడువు ముగిసింది. గట్టు మీద బ్రిటిష్ సైన్యం ఫిరంగులు, మోర్టార్లు మోహరించింది. ఈ ఘట్టంలో ఒక చిన్న వివరం ఉంది, దాన్ని తేలిగ్గా దాటిపోకూడదు. అది సముద్రం వెనక్కి తీసే వేళ, ఆటు సమయం. నీటిమట్టం తగ్గి ఓడ గట్టుకంటే కిందికి దిగింది. నావికుల పెద్ద ఫిరంగులకు గట్టు మీది సైనికులు గురికి అందలేదు. పైనున్నవాళ్ళకు ఓడ అరచేతిలో వస్తువులా కనబడుతోంది. పోరాటం అరగంట కూడా సాగలేదు. డెక్కు మీద నావికులు చనిపోయారు, ఎందరో గాయపడ్డారు. ‘హిందుస్తాన్’ మీద తెల్లజెండా ఎగిరింది.

కరాచీ జనం ఊరుకోలేదు. హిందువులూ ముస్లిములూ కలిసి హర్తాళ్ చేశారు. ఈద్గా మైదానంలో గుమికూడినవారి మీద పోలీసులు కాల్పులు జరిపారు. బొంబాయి కార్మికవాడల్లోనైతే సైన్యం కాల్పులకు రెండు వందలకు పైగా పౌరులు బలయ్యారు. నావికుల పక్షాన ప్రాణాలిచ్చింది మిల్లు కూలీలు. పెద్దనాయకుల సంగతి వేరు. అరుణా అసఫ్ అలీ వంటివారు, కమ్యూనిస్టు పార్టీ నావికుల వెంట నిలిచారు. పటేల్ లొంగిపొమ్మని సలహా ఇచ్చారు. జిన్నా అదే మాట చెప్పారు. గాంధీ వారి మార్గాన్ని ఒప్పుకోలేదు. మరే విషయంలోనూ ఏకాభిప్రాయం కుదరని రెండు పెద్ద పార్టీలకూ ఈ ఒక్క విషయంలో కుదిరింది. ఫిబ్రవరి 23న సమ్మె సంఘం సమ్మె విరమించింది. తాము లొంగుతున్నది భారతదేశానికే గాని బ్రిటన్‌కు కాదని ప్రకటించింది.

ఆ భారతదేశం వాళ్ళను ఎలా అందుకున్నదన్నదే మా పిల్లవాడి ప్రశ్న. వందలమందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. 476 మందిని ఉద్యోగాల నుంచి తొలగించారు. ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. దానికి అధ్యక్షుడు పాట్నా ప్రధాన న్యాయమూర్తి ఫజల్ అలీ. ఆ పేరు తెలుగువాళ్ళకు కొత్త కాదు. 1953లో రాష్ట్రాల పునర్విభజన సంఘానికి అధ్యక్షుడైనదీ ఆయనే. జాతివివక్ష, తిండి, జీతం, అధికారుల దుష్ప్రవర్తన అసంతృప్తికి కారణాలని ఆ సంఘమే తేల్చింది. కారణాలు న్యాయమైనవని తేలాక కూడా శిక్షపడినవాళ్ళ శిక్ష అలాగే ఉండిపోయింది. 1947 ఆగస్టులో జెండాలు మారాయి. నౌకాదళం రెండయింది. పాత క్రమశిక్షణ మాత్రం రెండు దేశాలకూ ఉమ్మడి ఆస్తిగా మిగిలింది. తొలగించినవాళ్ళను అటు పాకిస్తానూ తీసుకోలేదు, ఇటు భారతదేశమూ తీసుకోలేదు.

ఓడల పంపకం సంగతి మన మనసుకు మరీ తాకేది. నదుల పేర్లు పెట్టుకున్న స్లూపుల్లో ‘కిస్ట్నా’ మనకు వచ్చింది. ‘గోదావరి’ పాకిస్తాన్‌కు పోయింది. అక్కడ దానికి తర్వాత ‘సింధ్’ అని పేరు పెట్టారు. ‘హిందుస్తాన్’ కూడా అటే పోయింది. హిందూ ముస్లిం నావికులు పక్కపక్కన నిలబడి ఫిరంగి పేల్చిన ఓడ ఏడాదిన్నర తిరగకుండా ఒక దేశం వాటా అయింది, ఆ దేశంలో ఆ పేరు ఇమడలేదు. పేరు చెరిపినంత తేలికగా ఆ రెండు రోజులనూ చెరిపేశారు.

ఇక సాహిత్యం వైపు చూద్దాం. ఈ ఘట్టాన్ని మరిచిపోకుండా కాపాడింది ముఖ్యంగా రచయితలే. బి.సి. దత్ 1971లో స్వయంగా పుస్తకం రాశాడు. అంతకుముందు, 1965లో ఉత్పల్ దత్ కలకత్తాలో ‘కల్లోల్’ నాటకం ఆడించాడు. ఆ ఏడే ఆయన జైలుకు వెళ్ళాడు. నాటకంలోని ‘ఖైబర్’ ఓడ లొంగిపోదు. చరిత్రలో ఓడలన్నీ లొంగిపోయాయి కదా అని అప్పుడే విమర్శ వచ్చింది. నాటకకర్త ఉద్దేశం మనకు తెలుసు, దాన్ని గౌరవిస్తాం. నాటకానికి ఆ హక్కు ఉంది. అయితే ఒక నాటకం తీసుకున్న స్వేచ్ఛ మన వ్యాసాలకు, గేయాలకు, ఉపన్యాసాలకు అలవాటుగా మారితే ప్రమాదం. అధికార చరిత్ర ఆ నావికులను మౌనంతో కప్పితే మనం నినాదంతో కప్పిన వాళ్ళమవుతాం. రెండింటి కిందా కనబడకుండా పోయేది ఒకే మనిషి. ఆకలితో ఉన్నవాడు, తిట్లు తిన్నవాడు, ఇరవై ఏళ్ళవాడు, నీళ్ళు వెనక్కి తీస్తున్నాయని చూస్తూ కూడా ఫిరంగి వదలనివాడు.

‘హిందుస్తాన్’ తెల్లజెండా ఎత్తింది. ఆ మాట దాచకుండా రాద్దాం. ఆటువేళ గట్టు కింద చిక్కుకున్న ఓడను, ఒడ్డు మీద నాయకత్వం లేని ఉద్యమాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ఓటమికి కారణం ఓడలో లేదని అర్థమవుతుంది. ఓటమిని ఉన్నదున్నట్టు చెబితేనే అది ఎవరి ఓటమో తెలుస్తుంది. గెలుపుగా మార్చి చెబితే బాధ్యులకు విముక్తి పత్రం రాసిచ్చినట్టే.

మా పిల్లవాడికి ఈసారి జవాబు చెప్పాను. ‘‘కొందరు చనిపోయారు. చాలామంది జైలుకు పోయారు. మిగిలినవాళ్ళు ఉద్యోగం పోగొట్టుకుని ఇళ్ళకు వెళ్ళారు. ఏ దేశం కోసం లొంగిపోయారో ఆ దేశం తిరిగి పిలవలేదు’’ అన్నాను. వాడు కాసేపు ఊరుకుని, ‘‘అయితే ఈ సంగతి పుస్తకంలో ఎందుకు రాయలేదు?’’ అన్నాడు. ఆ ప్రశ్న నాకొక్కడికే వేసింది కాదు.