వీణ గుర్రము: అల మరలు తావు

బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లి శిల్పులు పనసదుంగను తొలిచి, వీణ కుండయు దండియు ఏకఖండముగ తీర్చి, మైనముపై 24 మెట్లు నిలిపెడి వేళ, ప్రతి మెట్టును చెవితో పరీక్షించుచు వెండ్రుకవాసి జరుపుట చూచినవారికి, తరంగశాస్త్రము గ్రంథములకెక్కక పూర్వమే ఈ చేతులకు కరతలామలకమై యుండెనని తోఁపక మానదు. తంజావూరు నేలిన తెలుగు ప్రభువు రఘునాథ నాయకుఁడు 17వ శతాబ్దమున ఈ మెట్ల సంఖ్యను స్థిరపఱచెనని సంప్రదాయము.

మీటిన తీఁగపై లేచిన అల కదలని అంచును తాఁకి తలక్రిందై మరలును. సన్నతీఁగకు బరువుతీఁగను ముడివైచినచో, సన్నతీఁగపై వచ్చిన అల కొంత తలక్రిందై మరలి, కొంత ముందునకు సాగును. బరువుతీఁగనుండి సన్నతీఁగకు పోవునప్పుడు మాత్రము మరలిన అల తలక్రిందు కాదు. ఈ తరంగగతికి 1747లో ఫ్రాన్సు గణితజ్ఞుఁడు దాలంబేరు సమీకరణము కూర్చెను.

అయితే మన వీణలో తీఁగలను మోయు గుర్రముపై నున్న లోహపురేకు వంపుదేరి యుండుటచే, తీఁగ ఒక్క బిందువున నిలువక, ఆ వంపును తాఁకుచు విడుచుచు కంపించును. మీటిన చోట నిశ్చలబిందువు గల ఉపస్వరములు వినఁబడరాదను పాశ్చాత్యనియమము ఇచట చెల్లదని 1921లో చంద్రశేఖర వెంకటరామన్ వెల్లడించెను. ఆ రేకును ఓర్పుతో అరగఁదీసి అట్టి నాదమును రప్పించిన అజ్ఞాత శిల్పుల హస్తకౌశలమునకు మనము శాశ్వతముగ ఋణపడి యున్నాము.