తైమూర్‌కి వతన్ రిపోర్టు

పొలిటికల్ రిస్క్ అనలిస్ట్ కావాలని ఉబలాటపడే మన నౌజవాన్లకు ఓ బుజుర్గ్ కథ చెప్పాలి. ఏ హుకూమత్ నిలుస్తుంది, ఏది కూలుతుందో చెప్పడమే కదా ఆ నౌకరీ. 1332లో ట్యూనిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ చేసిందీ అదే. ఫెజ్, గ్రెనడా దర్బారుల్లో కొలువు చేశాడు, ఫెజ్‌లోనే దాదాపు రెండేళ్లు ఖైదులో ఉన్నాడు. ఆ తజుర్బాతోనే 1377లో ‘ముఖద్దిమా’ రాశాడు. ఖబీలాని కలిపి ఉంచే అసబియ్యత్‌తో సల్తనత్ లేస్తుంది, ఐష్‌లో పడి మూడు తరాల్లో, అంటే సుమారు 120 ఏళ్లలో, కూలుతుందని ఆయన లెక్క.

1401లో తైమూర్ దమిష్క్‌ని ముట్టడించాడు. మమ్లూక్ ఫౌజ్ వెంట అక్కడికొచ్చి చిక్కుకుపోయిన ఖల్దూన్‌కి అప్పటికి డెబ్బయి దగ్గరపడ్డాయి. కోటగోడ మీంచి తాళ్లతో కిందికి దిగి తైమూర్‌ని కలిశాడు. మగ్రిబ్ కొండలు, నదులు, ఊళ్లు కళ్లారా చూసినట్టుండేలా రాసిమ్మన్నాడు తైమూర్. సొంత వతన్ వివరాలు, ఓ ఫాతెహ్ చేతికి! రాసిచ్చాడు. జాన్ భయమా, ఇల్మ్ షౌఖా? నాకైతే రెండూ అనిపిస్తుంది. దమిష్క్ మాత్రం దక్కలేదు, ఉమయ్యద్ మస్జిద్ కూడా కాలిపోయింది.

ఖాహిరా చేరాక మగ్రిబ్ సుల్తాన్‌కి తైమూర్ గురించీ ఓ ఖత్ రాశాడు. అన్నట్టు, తైమూర్ అడిగి తీసుకున్న ఖల్దూన్ కంచరగాడిద పైసలు కూడా తర్వాత ఖాహిరాకే వచ్చాయి.