ఊపిరితిత్తి మార్పిడి: అతుకు నిలిచిన కథ

1963 జూన్ 11వ తేదీన అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యశాలలో జేమ్స్ హార్డీ అను శస్త్రవైద్యుడు మొట్టమొదటిసారిగా ఒక మానవుని ఊపిరితిత్తిని వేరొకరికి అమర్చెను. రోగి 18 దినములు మాత్రమే జీవించెను. 1968లో బెల్జియములోని గెంట్ నగరమున ఫ్రిట్జ్ డెరోమ్ చికిత్స చేసిన యువకుడు, ఇసుక ధూళిచే ఊపిరితిత్తులు చెడిన కార్మికుడు, పది నెలలు బ్రతికెను. 20 సంవత్సరములలో సుమారు 40 ప్రయత్నములు జరిగినను, ఊపిరితిత్తి మాత్రమే మార్చినవారిలో ఇంతకు మించి ఆయువు దక్కినవారు లేరు.

లోపమెక్కడ? గుండెకు రక్తనాళములు కలిపిన చాలును. ఊపిరితిత్తికి గాలిగొట్టమును కూడ అతుకవలెను. ఆ గొట్టమును పోషించు సన్నని ధమనులను మరల కలుపుట సాధారణముగా జరుగదు. కావున అతుకు వద్ద కణజాలము రక్తము చాలక చెడి, విడిపోయెడిది. దీనికి తోడు, శరీరము పరాయి అవయవమును త్రోసివేయకుండ ఇచ్చు స్టిరాయిడు మందులే గాయమును మాననీయకున్నవని టొరంటోలో జోయెల్ కూపర్ బృందము కుక్కలపై జరిపిన పరిశోధనలలో తేలినది. నార్వే మట్టిలోని బూజునుండి లభించిన సైక్లోస్పోరిన్ అను మందు అప్పటికి చేతికి వచ్చినది. స్టిరాయిడులను తొలి వారములలో మానివేసి, కడుపులోని వపను, అనగా ప్రేవులపై నుండు కొవ్వుపొరను, అతుకు చుట్టును చుట్టి 1983లో కూపర్ చేసిన చికిత్స ఫలించినది. ఆ రోగి ఆరేండ్లకు పైగా జీవించెను.

అసలు శ్రమ ఇల్లు చేరిన పిదపనే. మార్పిడిలో నాడులు తెగిపోవుటచే, అతుకునకు దిగువ కఫము చేరినను దగ్గు రాదు. రాని దగ్గును తెచ్చుకొని దగ్గుట రోగి అభ్యసింపవలెను! ప్రతిదినము చిన్న యంత్రములోనికి ఊది, శ్వాస కొలతను వ్రాసికొనవలెను. కొలత నూటికి పది తగ్గినచో, జ్వరము లేకున్నను వైద్యునికి చెప్పవలెను. టాక్రోలిమస్ వంటి మందులను జీవితాంతము వేళ తప్పక వాడవలెను. మన పెరళ్లలోని పంపరపనస తినరాదు. అది ఆ మందును రక్తములో ప్రమాదకరముగా పెంచగలదు.

ఈ చికిత్స ఇప్పుడు తెలుగునేలకు దూరము కాదు. 2020లో హైదరాబాదు కిమ్స్ ఆసుపత్రిలో సందీప్ అత్తావర్ బృందము కోవిడ్ సోకిన ఒక రోగికి రెండు ఊపిరితిత్తులును మార్చినది. కాని చికిత్స పొందినవాడు కొండపల్లి బొమ్మల పనివాడే అనుకొందము. పొణికి కర్ర చెక్కుట, రంపపు పొట్టును చింతగింజల పొడితో కలిపి మక్కు చేయుట అతనికి కూడవు. తడిసిన పొట్టులో పెరుగు బూజుల రేణువులు ఇతరులకు హాని చేయకపోవచ్చును. రోగనిరోధము అణగియున్న వానికి ప్రాణాంతకములు. కులవృత్తి మానుమనుట మందుచీటీ వ్రాసినంత తేలిక కాదు.

ఇన్ని జాగ్రత్తలతో సుమారు సగముమంది ఆరేండ్లు దాటుచున్నారు. సన్నని శ్వాసనాళికలు మెల్లగా పూడిపోవు దీర్ఘకాలిక తిరస్కారమే నేటికిని ప్రధాన శత్రువు. పూడిన నాళికలను మరల తెరచు మందు ఇంకను లేదు.