ఔత్సాహిక ఛాయాగ్రహణ పోటీలలో చిత్ర సవరణ నియమాలు

ఔత్సాహిక ఛాయాగ్రహణ పోటీలకు పంపే ఛాయాచిత్రాలలో, కెమెరాతో తీసిన తరువాత ఎటువంటి మార్పులు చేయవచ్చునో, ఎటువంటివి చేయరాదో తెలియజేసే నిబంధనలను చిత్ర సవరణ నియమాలు అంటారు. ఈ నియమాలు పోటీని బట్టి, పోటీలోని విభాగాన్ని బట్టి మారుతుంటాయి. ఒకే చిత్రం ఒక విభాగంలో బహుమతికి అర్హమై, మరొక విభాగంలో అనర్హం కావచ్చును. హైదరాబాదు పాతబస్తీలోని చార్మినారు, మక్కా మసీదు, లాడ్ బజారు, చౌమహల్లా ప్యాలెస్ వంటి ప్రదేశాలు ఔత్సాహికులు విరివిగా ఛాయాచిత్రాలు తీసే స్థలాలు కాబట్టి, ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే ఇవ్వబడినవి.

చరిత్ర

ఛాయాచిత్రాలను దిద్దడం కంప్యూటర్లతో పుట్టిన అలవాటు కాదు. పందొమ్మిదవ శతాబ్దపు గాజు పలకలు నీలి కాంతికి అధికంగా స్పందించేవి. అందువలన భవనం సరిగా పడితే ఆకాశం తెల్లగా, వెలవెలబోయి వచ్చేది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి మేఘాలను వేరొక పలకపై తీసి, ముద్రించేటప్పుడు రెండింటినీ కలిపేవారు. 1857లో ఆస్కార్ రైలాండర్ ముప్పైకి పైగా నెగెటివులను కలిపి ఒకే చిత్రాన్ని తయారుచేసినాడు. మరుసటి సంవత్సరం హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగెటివులతో ఇటువంటి ప్రయత్నమే చేసినాడు. ఇది కళయా, మోసమా అనే చర్చ ఆనాడే మొదలైనది. నేటికీ ముగియలేదు.

హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ (1844 - 1905) పేరు ఈ సందర్భంగా తలచుకోదగినది. ఆయన 1892లో నగరంలో అంతఃపుర స్త్రీల కొరకు ప్రత్యేకంగా ఒక స్టూడియో ఏర్పాటు చేసినాడు. ఆ కాలపు స్టూడియోలలో నెగెటివుపై పెన్సిలుతో ముఖం మీది ముడతలు తొలగించడం, ముద్రించిన చిత్రంపై చేతితో రంగులు అద్దడం సర్వసాధారణం. చిత్తరువు తీయించుకున్నవారు దానిని మోసంగా భావించలేదు సరికదా, అందుకొరకే అదనపు రుసుము చెల్లించేవారు. అయితే నగర వీధుల, కట్టడాల చిత్రాల విషయం వేరు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద తరువాత తీసిన ఛాయాచిత్రాలు నేడు చరిత్రకు ఆధారాలు. వాటిలో ఒక్క గోడను ఎవరైనా అందంకోసం చెరిపివేసి ఉంటే ఆ ఆధారం విలువ పోయేది.

1990లో ఫోటోషాప్ విడుదలైన తరువాత, చీకటి గదిలో గంటల తరబడి చేయవలసిన పని నిమిషాలలో చేయడం సాధ్యమైనది. పోటీల నిర్వాహకులు నియమాలను వివరంగా వ్రాయవలసిన అవసరం అప్పటినుండి బాగా పెరిగినది.

నియమాలు రూపొందించే సంస్థలు

ఔత్సాహికుల పోటీలను సాధారణంగా సలాన్లు అంటారు. వీటికి గుర్తింపునిచ్చే సంస్థలలో బ్రిటనులోని రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ (1853), ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా (1934), అంతర్జాతీయ ఛాయాచిత్ర కళా సమాఖ్య అయిన ఫియాప్ (1950) ముఖ్యమైనవి. భారతదేశంలో ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫోటోగ్రఫీ సలాన్లకు గుర్తింపునిస్తున్నది. పైన చెప్పిన మూడు విదేశీ సంస్థలూ ప్రకృతి విభాగానికి ఒకే నిర్వచనాన్ని అంగీకరించినవి. కళాశాలలు, కాలనీ సంఘాలు, పర్యాటక శాఖలు నిర్వహించే చిన్న పోటీలకు ఈ గుర్తింపు ఉండదు. వాటి నియమాలు వాటివే.

విభాగాలు - నియమాలు

స్వేచ్ఛా విభాగంలో దాదాపు ఏ మార్పైనా చేయవచ్చును. రెండు చిత్రాలను కలపవచ్చును, ఆకాశాన్ని మార్చవచ్చును. కానీ కలిపిన ప్రతి భాగమూ పోటీదారు స్వయంగా తీసినదై ఉండాలి. ఇతరుల చిత్రంలోని మేఘాన్నో, పక్షినో తెచ్చి అతికించడం ఈ విభాగంలో కూడా నిషిద్ధమే.

ఏకవర్ణ విభాగంలో నలుపు నుండి తెలుపు వరకు గల ఛాయలు మాత్రమే ఉండాలి. చిత్రం మొత్తానికి ఒకే రంగు ఛాయ ఇస్తే అది ఏకవర్ణంగానే పరిగణించబడుతుంది. కాని లాడ్ బజారు దుకాణాన్ని నలుపు తెలుపులో ఉంచి గాజులకు మాత్రం ఎరుపు రంగు మిగిల్చితే, అది ఏకవర్ణ చిత్రం కాదు, వర్ణ చిత్రమవుతుంది. కొత్తగా పోటీలకు పంపేవారు ఇక్కడ తరచుగా పొరబడుతుంటారు.

ప్రకృతి విభాగపు నియమాలు కఠినమైనవి. చిత్రంలోని అంశాలను చేర్చడం, తొలగించడం, జరపడం, మార్చడం కుదరదు. అంచులను కత్తిరించడం మాత్రం అనుమతిస్తారు. సెన్సారుపై పడిన ధూళి మచ్చలు, ఫిల్ముపై గీతలు, తక్కువ వెలుతురు వలన వచ్చే చుక్కల వంటి, కెమెరా వలన ఏర్పడిన లోపాలను తొలగించవచ్చును. వెలుగునీడలను కొంత సవరించవచ్చును. వేర్వేరు దూరాలకు ఫోకస్ చేసి తీసిన చిత్రాలను కలపడానికి కూడా అనుమతి ఉన్నది, కాని పక్కపక్కన తీసిన చిత్రాలను కలిపి విశాల దృశ్యంగా చేయడానికి లేదు. చేసిన ప్రతి సవరణా సహజంగా కనిపించాలి. పెంపుడు జంతువులు, పెంపుడు దశ నుండి విడివడి ఊరిలో తిరుగుతున్న జంతువులు, పెంచిన మొక్కలు ఈ విభాగానికి అర్హమైనవి కావు. అందువలన మక్కా మసీదు ముంగిట రివ్వున లేచే పావురాల గుంపు ఎంత అందంగా పడినా ప్రకృతి విభాగంలో చెల్లదు. అదే పాత కట్టడపు గూటిలో కాపురమున్న గుడ్లగూబ చిత్రం చెల్లవచ్చును, ఎందుకనగా మానవ పరిసరాలకు అలవాటు పడిన వన్యప్రాణుల విషయంలో కట్టడం కనిపించడానికి ఆ నిర్వచనం అనుమతిస్తున్నది.

పర్యాటక, వార్తా విభాగాలలో కూడా అంశాలను చేర్చరాదు, తొలగించరాదు. పర్యాటక విభాగంలో ఇంకొక షరతు ఉన్నది: ఛాయాచిత్రం కొరకే ఏర్పాటు చేసిన సన్నివేశం, డబ్బిచ్చి నిలబెట్టిన మనుషులు పనికిరారు. పైగా సమాధుల వద్ద లాంతరు పట్టుకొని నిలబడిన వృద్ధుని ఎవరో కుదిర్చి నిలబెట్టినట్లయితే, కంప్యూటరును తాకకపోయినా ఆ చిత్రం నియమాన్ని ఉల్లంఘించినట్లే. లాల్ దర్వాజా బోనాలు, డబీర్‌పురా నుండి బయలుదేరే బీబీ కా ఆలం ఊరేగింపు వంటివి ఎవరికోసమూ ఏర్పాటు చేసినవి కావు కాబట్టి ఈ ఇబ్బంది రాదు.

చిన్న పోటీల ప్రకటనలలో "ఎడిటింగ్ అనుమతించబడదు" అని ఒక్క వాక్యం వ్రాసి వదిలివేయడం కద్దు. ఈ వాక్యానికి నిజానికి అర్థం లేదు. కెమెరా జేపెగ్ చిత్రాన్ని తయారుచేసేటప్పుడే రంగులు, పదును, వెలుగునీడలు తనంతట తానే సవరిస్తుంది. రా ఫైలు తీసినవాడు అదే పనిని కంప్యూటరులో చేస్తాడు. మొదటివాని చిత్రం సవరించనిదని, రెండవవానిది సవరించినదని అనడం న్యాయం కాదు. ఏయే సవరణలు చేయవచ్చునో పేర్కొనడమే సరియైన పద్ధతి.

చార్మినారు - నెలవంక

రంజాను నెలవంకను చార్మినారు పక్కన చూపించే చిత్రాలు విరివిగా కనిపిస్తుంటాయి. వీటిలో అతికించినవి ఏవో గుర్తించడానికి సాఫ్టువేరు అక్కరలేదు, పాఠశాల స్థాయి భూగోళ, గణిత శాస్త్రాలు చాలు.

చార్మినారు నాలుగు కమానులు నాలుగు దిక్కులకు తిరిగి ఉంటాయి. గుల్జార్ హౌజ్ వైపు నుండి చూసేవాడు దక్షిణానికి చూస్తున్నట్లు. సూర్యాస్తమయం తరువాత కనిపించే నెలవంక ఎల్లప్పుడూ పడమటి ఆకాశంలోనే ఉంటుంది. కనుక గుల్జార్ హౌజ్ నుండి తీసిన చిత్రంలో మినారుల నడుమ లేత నెలవంక ఉంటే అది అతికించినదే. నెలవంక నేపథ్యంగా రావాలంటే తూర్పున ఉన్న సర్దార్ మహల్ వైపు నుండి తీయాలి. ఇక రెండవది, నెలవంక కొమ్ములు. చంద్రునిపై వెలిగే అంచు సూర్యుని వైపు, అనగా దిగంతం వైపు ఉంటుంది. హైదరాబాదు అక్షాంశం వద్ద లేత నెలవంక దాదాపు దోనె వలె, కొమ్ములు పైకి ఉండేలా కనిపిస్తుంది. కొమ్ములు నేలవైపు తిరిగి ఉంటే అనుమానించవలసినదే.

మూడవది పరిమాణం. చంద్రబింబం మన కంటి వద్ద సుమారు అర డిగ్రీ కోణం చేస్తుంది. సుమారు 50 మీటర్ల ఎత్తుగల చార్మినారును 400 మీటర్ల దూరం నుండి చూస్తే అది 7 డిగ్రీల కోణం చేస్తుంది. అనగా చంద్రుడు కట్టడం ఎత్తులో పద్నాలుగవ వంతు మాత్రమే ఉండాలి. చంద్రబింబం కట్టడంలో సగం ఎత్తు ఉండాలంటే ఛాయాగ్రాహకుడు సుమారు 2.75 కిలోమీటర్ల దూరంలో నిలబడి, శక్తివంతమైన టెలిఫోటో కటకంతో తీయాలి. అంతదూరం నుండి కష్టపడి తీసిన చిత్రం పూర్తిగా నియమబద్ధమే. దానిని చూసి "ఇది అబద్ధం" అనే తొందర కూడా తగదు.

ప్రసిద్ధ వివాదాలు

నేషనల్ జియాగ్రఫిక్ 2012 పోటీలో, వారణాసి వద్ద గంగలో ప్రార్థనకు సిద్ధమవుతున్నవారిని చూపిన హారీ ఫిష్ చిత్రం ప్రదేశాల విభాగంలో బహుమతికి ఎంపికైనది. అయితే చిత్రం అంచున ఉన్న ఒక ప్లాస్టిక్ సంచిని ఆయన చెరిపివేసినట్లు తేలడంతో అనర్హమని ప్రకటించారు. ఆ అంచును కత్తిరించి ఉన్నా, సంచిని అలాగే వదిలివేసి ఉన్నా బహుమతి నిలిచేది. తొలగించిన వస్తువు ఎంత చిన్నదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. కత్తిరించడం చూపు పరిధిని తగ్గిస్తుంది. చెరపడం లేని నేలను సృష్టిస్తుంది. లాడ్ బజారులో తలపై వ్రేలాడే విద్యుత్ తీగలను తుడిచివేయాలని తహతహలాడే ప్రతి ఔత్సాహికుడూ ఈ ఉదంతాన్ని తెలుసుకొనవలెను.

2010లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో స్టెపాన్ రూడిక్ చిత్రం ఇటువంటి కారణంతోనే బహుమతి కోల్పోయినది. చేతి వెనుక కనిపించిన పాదం భాగాన్ని ఆయన తొలగించినాడు. అదే సంవత్సరం జనవరిలో వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ 2009 విజేత చిత్రంలోని తోడేలు మచ్చికైనదై ఉండవచ్చునని నిర్ణయించి బహుమతిని రద్దుచేశారు. ఛాయాగ్రాహకుడు ఆ ఆరోపణను నిరాకరించినాడు. ఇక్కడ చిత్రంలో సవరణ ఏమీ లేదు, వివాదమంతా చిత్రించిన విషయం గురించే.

వికీ లవ్స్ మాన్యుమెంట్స్

2010లో నెదర్లాండ్స్‌లో ఆరంభమైన వికీ లవ్స్ మాన్యుమెంట్స్ పోటీలో భారతదేశం 2012లో పాల్గొన్నది. ఆ సంవత్సరం అంతర్జాతీయ ప్రథమ బహుమతి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ సమాధి చిత్రానికే లభించినది. ఈ పోటీ చిత్రాలు విజ్ఞాన సర్వస్వంలో వాడడానికి ఉద్దేశించినవి కనుక, చూసేవారిని తప్పుదారి పట్టించే మార్పులు కూడదని వికీమీడియా కామన్స్ భావిస్తుంది. ఎత్తైన కట్టడాన్ని క్రిందినుండి తీసినపుడు మినారులు లోపలికి వాలినట్లు కనిపించే దోషాన్ని సరిదిద్దడం తప్పు కాదు. గణనీయమైన మార్పు ఏదైనా చేసినచో వివరణ పేజీలో తెలపాలి.

పాతబస్తీ వంటి చోట ఈ పట్టింపుకు కారణమున్నది. 1591లో నిర్మించిన చార్మినారు పైనున్న గడియారాలు 1889లో అమర్చినవి. 2019 మే నెలలో ఒక మినారు నుండి గచ్చు అలంకరణ భాగం ఊడిపడినది. అది అంతకుముందు ఎలా ఉండెనో తెలుసుకోవడానికి పాత ఛాయాచిత్రాలు పనికివస్తాయి. వాటిలో పగుళ్ళను, మరకలను ఎవరైనా నున్నగా చేసి ఉంటే పనికిరావు. 2012 నవంబరులో చార్మినారును ఆనుకొని ఉన్న ఆలయ వివాదంలో, పాత చిత్రాలలో ఏమున్నది, ఏమి లేదు అన్నది పత్రికలలో తీవ్ర చర్చకు దారితీసినది. బహుమతి కోసం చేసిన చెరిపివేత ముందుముందు ఎవరి చేతిలో ఏ వాదానికి ఆధారమవుతుందో చెప్పలేము.

పరిశీలన పద్ధతులు

అనుమానం వచ్చినపుడు న్యాయనిర్ణేతలు రా ఫైలును లేదా కెమెరా నుండి వచ్చిన అసలు చిత్రాన్ని అడుగుతారు. దానికి ముందు వెనుక తీసిన చిత్రాలను కూడా కోరవచ్చును. చిత్రంతో పాటు నమోదయ్యే తేదీ, సమయం, కటకం వివరాలు ఉపయోగపడతాయి గాని, వాటిని మార్చడం సులభం కనుక అవే తుది ఆధారం కావు. నీడల దిశ, ప్రతిబింబాలు, పునరావృతమైన మచ్చలు పరిశీలించడం పాత పద్ధతి, నేటికీ నమ్మదగినది. అసలు ఫైలు చూపలేనివారి చిత్రాన్ని తిరస్కరిస్తారు. మోసం రుజువైతే ముందుగా ఇచ్చిన బహుమతులను కూడా రద్దుచేసి, కొంతకాలం పోటీలనుండి నిషేధించే అధికారం గుర్తింపునిచ్చే సంస్థలకు ఉన్నది. పోటీదారులు బహుమతి ప్రకటన వరకైనా అసలు ఫైలును భద్రపరచుకొనడం అవసరం.

కృత్రిమ మేధ

2023లో సోనీ వరల్డ్ ఫోటోగ్రఫీ అవార్డులలో బహుమతి పొందిన బోరిస్ ఎల్డాగ్సెన్, తన చిత్రం కృత్రిమ మేధతో సృష్టించినదని వెల్లడించి బహుమతిని నిరాకరించినాడు. మరుసటి సంవత్సరం దీనికి విపర్యయం జరిగినది: మైల్స్ ఆస్ట్రే నిజమైన రాజహంస ఛాయాచిత్రాన్ని కృత్రిమ మేధ విభాగానికి పంపి గెలిచి, సంగతి బయటపెట్టగా అనర్హుడైనాడు. ప్రస్తుతం సలాన్లలో చిత్రం పోటీదారు తీసినదై ఉండాలన్న పాత నియమం క్రిందనే ఇటువంటి చిత్రాలను తిరస్కరిస్తున్నారు. చిక్కు ఉన్నది మొబైలు ఫోనులతో. అవి ఒక్క మీట నొక్కగానే అనేక చిత్రాలు తీసి తమంతట తామే కలుపుతాయి. కొన్ని ఫోనులు చంద్రునిపై లేని వివరాలను చేరుస్తున్నవని 2023లో వివాదం చెలరేగినది. ఫోను వాడినవానికి ఆ సంగతి తెలియకనే పోవచ్చును.

చట్టపరమైన అంశాలు

భారత కాపీరైటు చట్టం (1957) ప్రకారం ఛాయాచిత్రానికి కర్త దానిని తీసిన వ్యక్తి. 52వ విభాగం కట్టడాలను ఛాయాచిత్రం తీయడాన్ని ఉల్లంఘన కానివాటిలో చేర్చినది. 57వ విభాగం కర్త ప్రతిష్ఠకు భంగం కలిగించేలా కృతిని వికృతం చేయడాన్ని అడ్డుకొనే హక్కును ఇస్తున్నది; నిర్వాహకులు గెలిచిన చిత్రాన్ని తమ ప్రచారపత్రానికి తగినట్లు మార్చదలచినపుడు ఈ విభాగం గుర్తుంచుకొనదగినది. చార్మినారు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉన్న కట్టడం కనుక, అక్కడ ముక్కాలి స్టాండు వాడడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి.