లీష్ వారి రెండు ఆదివారాలు

హర్లింగ్ ఐర్లండు వారి కర్రా బంతీ ఆట. జట్టుకి 15 మంది. బంతి గోలులో పడితే మూడు పాయింట్లు, అడ్డుకర్ర మీదుగా పోతే ఒకటి. ఆడేవాళ్లకి జీతం పైసా ఉండదు. అందులోనూ రెండోవరస జట్లని పట్టించుకునేదెవరు చెప్పండి! వాళ్లకోసమే 2018లో జో మెక్‌డోనా కప్పు పెట్టారు. ఆయన గాల్వే ఆటగాడు, తర్వాత గేలిక్ క్రీడాసంఘం అధ్యక్షుడు. 1980లో తన కౌంటీ దేశవిజేత కాగానే మైదానంలోనే పాట ఎత్తుకున్నాడు. కప్పుకి పాటగాడి పేరు పెట్టడం నాకు భలే నచ్చింది.

2019 జూన్ 30, ఆదివారం. క్రోక్ పార్కులో లీష్ కౌంటీ వెస్ట్‌మీత్‌ని ఓడించి ఆ కప్పు పట్టుకుపోయింది. ఇక ఊరేగి, హాయిగా పడుకోవచ్చు కదా? వీల్లేదు. అప్పటి నియమం ప్రకారం ఫైనలాడిన రెండు జట్లూ వెంటనే పెద్దపోటీలో మొదటివరస వారితో తలపడాల్సి ఉండేది. లీష్‌కి తగిలింది డబ్లిన్. మూడువారాల కిందట గాల్వే అంతటివాళ్లనే ఇంటికి పంపిన జట్టు. లెక్కప్రకారం లీష్ నుగ్గునుగ్గు కావాలి.

జూలై 7న, పోర్ట్‌లీష్‌లో సొంతగడ్డ మీద, లీష్ వారే గెలిచారు! డబ్లిన్ అడ్డుకర్ర మీదుగా కొట్టినవి 23, వీళ్లవి 22. తేల్చింది వీళ్ల ఒక్క గోలు. ఈ కౌంటీ దేశవిజేత అయింది ఒకే ఒక్కసారి, 1915లో. ఆ ఊరివాళ్లు ఎంత ఎగిరుంటారో మీరే ఊహించుకోండి.

మరుసటి ఆదివారం టిప్పరరీ చేతిలో ఓడారు. ఆ ఏడు దేశవిజేత ఆ టిప్పరరీయే.