కుదుపు ఎక్కడ ఆగింది?

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన, ఎన్టీఆర్ మార్గ్ మీద ఫార్ములా ఈ రేసు జరిగింది. ఫ్రాన్స్ డ్రైవరు జాఁ-ఎరిక్ వెర్న్ గెలిచాడు. అదే వారంలో ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ బస్సులు కూడా నగరంలో రోడ్డెక్కాయి. ఒకటి రేసు కారు, ఇంకొకటి నింపాదిగా తిరిగే బస్సు. రెండింట్లోనూ క్లచ్ లేదు, గేర్ రాడ్డూ లేదు. మన డ్రైవర్లు తరతరాలుగా ఎడమ కాలితో, ఎడమ చేత్తో చేస్తూ వచ్చిన ఒక పని ఆ వారం సాగర్ ఒడ్డున చప్పుడు లేకుండా ముగిసిపోయిందనిపించింది నాకు. ఆ పనికి సికింద్రాబాద్‌తో ఉన్న సంబంధం గురించే ఈ వ్యాసం.

ముందు ఆ పనేమిటో చూద్దాం. కారు నాలుగో గేరులో 3000 ఆర్‌పిఎం మీద పోతోందనుకోండి. మూడో గేరు నిష్పత్తి నాలుగోదానికి 1.4 రెట్లయితే, అదే వేగంలో మూడులోకి దిగేసరికి ఇంజను 4200 మీద ఉండాలి. లేకపోతే క్లచ్ వదలగానే చక్రాలే ఇంజన్ని బలవంతంగా అక్కడికి లాగుతాయి. మనకి తెలిసే కుదుపు ఆ లాగుడే. అందుకని క్లచ్ వదిలే ముందు యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టి ఇంజన్ని పైకి తెచ్చుకోవాలి. కలవబోయే రెండిటి వేగాలనీ ముందే సమం చెయ్యడం, సాఫీగా గేరు మార్చడమంటే అంతే. కారు ప్రియులు దీన్ని రెవ్ మ్యాచింగ్ అంటారు. కుడికాలు బ్రేకు మీద ఉండగానే, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ని తడితే అది హీల్ అండ్ టో. రేసు డ్రైవరుకి ఇది షోకు కాదు. మలుపు ముందు ఆ ఒక్క కుదుపుకి వెనక చక్రాలు పట్టు తప్పితే కారు గిర్రున తిరిగిపోతుంది.

పాత గేర్ బాక్సుల్లో ఇంకో చిక్కు కూడా ఉండేది. క్లచ్ నొక్కినా లోపలి పళ్ళచక్రాలు వేర్వేరు వేగాలతో తిరుగుతూనే ఉంటాయి. అలాగే కలపబోతే గరగరమంటాయి. అందుకని క్లచ్ నొక్కి న్యూట్రల్‌లోకి తేవాలి, క్లచ్ వదిలి కాస్త రేజ్ ఇవ్వాలి, మళ్ళీ క్లచ్ నొక్కి కింది గేరు వెయ్యాలి. డబుల్ క్లచ్ అనేది దీన్నే. 1928లో కాడిలాక్ కంపెనీ సింక్రోమెష్ తెచ్చింది. అందులో శంకువు ఆకారంలో ఉండే చిన్న భాగాలు ఒకదానికొకటి రాసుకుని, ఆ వేగాల తేడాని తామే చెరిపేస్తాయి. మన కాలి పని అక్కడ సగం తగ్గింది.

అయితే డబ్బున్నవాళ్ళు అప్పటిదాకా ఆగలేదు. 1911లో రోల్స్ రాయిస్ తన సిల్వర్ ఘోస్ట్‌ని లండన్ నుంచి ఎడిన్‌బరోకి, అక్కణ్ణుంచి మళ్ళీ వెనక్కి, దారి పొడుగునా టాప్ గేరులోనే నడిపించి చూపించింది. గేరు మార్చాల్సిన అవసరమే రాకపోవడం, అదీ ఆ కారు గొప్ప. ఆ రోజుల్లోనే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఒక సిల్వర్ ఘోస్ట్‌కి ఆర్డరిచ్చాడు. కారు వచ్చేలోపే చనిపోయాడు. పసుపు రంగులో, లోపల సింహాసనం లాంటి ఆసనంతో ఉండే ఆ 1912 నాటి కారు ఇప్పటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. కుదుపు లేని ప్రయాణం కొనుక్కోగలిగిన వస్తువు అనడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఈ ఊళ్ళో దొరకదు.

ఇప్పుడు 1932కి రండి. ఆ ఏడాది రోల్స్ రాయిస్ తన ఫాంటమ్ 2లో పై రెండు గేర్లకి సింక్రోమెష్ పెట్టింది. అదే ఏడాది, సికింద్రాబాద్ కేంద్రంగా నడిచే నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగాన్ని మొదలుపెట్టింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఈ విభాగమే తర్వాత 1951లో హైదరాబాద్ ప్రభుత్వం చేతికి, 1958లో ఏపీఎస్‌ఆర్‌టీసీకి వెళ్ళింది. ఆ తొలి బస్సుల్లో స్కాట్లండ్‌లో గ్లాస్గో నుంచి వచ్చిన ఆల్బియన్లు ఉండేవి. వాటికి సింక్రోమెష్ లేదు. ఆ సౌకర్యం మన బస్సుల్లోకి, లారీల్లోకి రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. మొన్నమొన్నటిదాకా తిరిగిన అంబాసిడర్లో కూడా చాలాకాలం మొదటి గేరుకి అది లేదు.

అంటే ఒకే ఏడాది, సీమలో ధనవంతుడి కారులో ఒక లోహపు శంకువు చేసిన పనిని ఇక్కడ జీతగాడి కాలు చేసింది. ఒక్కసారి కాదు, స్టాపు స్టాపుకీ. పైగా బస్సులో నిలబడినవాళ్ళుంటారు. చంకలో పిల్లాడితో, ఇంకో చేత్తో కడ్డీ పట్టుకున్న మనిషి ఉంటుంది. టైరు పట్టు తప్పితే రేసు డ్రైవరుకి సెకన్లు పోతాయి, ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది. గేరు కుదురుగా పడకపోతే బస్సులో మనిషి పడిపోతుంది. లెక్క ఒకటే, పందెం వేరు. కానీ మొదటిదాన్ని మనం కళ అంటాం. వీడియోలు చూస్తాం, పాఠాలు నేర్చుకుంటాం. రెండోదాన్ని డ్యూటీ అంటాం.

నేనూ ఆ వీడియోలు చూసినవాణ్ణే. ఆదివారం పొద్దున్నే పరేడ్ గ్రౌండ్స్ పక్క ఖాళీ రోడ్ల మీద హీల్ అండ్ టో సాధన చేసినవాణ్ణే. మా వీధిలో రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయనున్నాడు. ఆయన దగ్గర ఈ మాట ఎత్తితే ఆర్‌పిఎం ఊసే రాలేదు. "చప్పుడు వినాలె సార్. బండే చెప్తది," అన్నాడు. ఇంజను శ్రుతి ఎక్కడుంటే ఏ గేరు పడుతుందో ఆయన చెవికి తెలుసు. టాకోమీటరు చూసి నేను చేసే పనిని ఆయన జీవితమంతా చెవితో చేశాడు.

తర్వాతి కథ నా వృత్తికి దగ్గరిది. 1989లో ఫెరారీ ఫార్ములా వన్ కారులో స్టీరింగ్ వెనక మీటతో గేర్లు మార్చే పద్ధతి వచ్చింది. నైజెల్ మాన్సెల్ దానితో తొలి రేసే గెలిచాడు. 2009 నాటి నిస్సాన్ 370జెడ్‌లో గేర్ రాడ్డు ఉంది, క్లచ్ ఉంది, కానీ యాక్సిలరేటర్‌ని తట్టే పని సాఫ్ట్‌వేర్‌ది. 3000ని 1.4తో గుణించడం కంప్యూటరుకి ఒక లెక్కా? మాలాంటివాళ్ళు రాసిన కోడే ఆ డ్రైవరు చెవినీ, నా సాధననీ ఒకేసారి అనవసరం చేసేసింది.

దీనికి నేను బాధపడటం లేదు. రోజంతా బరువైన క్లచ్ తొక్కిన మోకాలిని అడిగితే, ఎలక్ట్రిక్ బస్సు ఎప్పుడో రావాల్సింది అంటుంది. ఒకప్పుడు నిజాం మాత్రమే కొనుక్కోగలిగిన నునుపు ఇప్పుడు టికెట్టు ధరకే వస్తోంది, మంచిదే. నా పేచీ అంతా జ్ఞాపకం గురించి. ఆర్టీసీ చరిత్ర ఎవరు చెప్పినా 27, 166 అనే రెండు అంకెలు తప్పకుండా వస్తాయి. డబుల్ క్లచ్ మాత్రం రాదు. అది సరిగ్గా పడిన ప్రతిసారీ ఏమీ జరగలేదు కదా మరి. ఎవరూ తూలలేదు, ఎవరి నిద్రా చెదరలేదు. ఏమీ జరగకుండా చూసినవాళ్ళకి చరిత్రలో చోటు దొరకడం ఎప్పుడూ కష్టమే.

చౌమహల్లాకి వెళితే ఆ పసుపు కారుని చూసి రండి, చూడదగ్గదే. కాకపోతే వెనక సింహాసనం దగ్గరే ఆగిపోకుండా, ముందు సీటు కింద పెడల్స్ కూడా ఒకసారి చూడండి.