తెర మీద జడ

కుప్పనూర్పులు అయిపోయి గాదెలు నిండిన రోజులు. దివిసీమ వైపు ఏ పల్లెలోనైనా కూచిపూడి మేళం దిగిందంటే ఆ రాత్రికి ఊరంతా జాగారమే. పెందరాళే అన్నాలు తిని, చాపలు చంకన పెట్టుకుని జనం పందిరి చేరేవారు. అలాంటి ఒక రాత్రిని పెద్దలు చెప్పుకునే తీరులోనే ఊహించుకుంటున్నాను.

పాకలో దీపం ముందు వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కోసం మొహానికి అర్దళం పట్టిస్తున్నారు. తలకు సూర్యచంద్రులు, రాగిడి, నడుముకు వడ్డాణం, జడకు కుచ్చులు. ఎదురుగా చేతి అద్దం.

ఆ రాత్రి ఆడే సత్యభామ కథ, భామాకలాపంలో కలహం పుట్టేదీ అద్దం దగ్గరే. మనిద్దరిలో ఎవరు అందమని కృష్ణుడు అడుగుతాడు. నేనే అంటుంది సత్యభామ. ఆయన అలిగి వెళ్ళిపోతాడు. దాన్ని గర్వం అన్నారు. నాకు మాత్రం అది గర్వంగా తోచదు. అద్దంలో కనబడిందే ఆమె చెప్పింది.

కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పడి మంట భగ్గున లేచింది. ఇద్దరు తెర పట్టుకున్నారు. తెర మీంచి జడ ఒక్కటే వచ్చి ఇవతల పడింది. మమ్మల్ని ఓడించగలిగితే ఈ జడ కోసుకోండి, అని మేళం విసిరే సవాలు అది. తర్వాత పాదం, మువ్వల సవ్వడి, తాళం. సత్యభామ తానెవరో తానే చెప్పుకుంటూ నడిచి వచ్చింది. ముందు వరుసలో ఆడవాళ్ళు చంటిపిల్లల్ని జోకొట్టడం మరిచిపోయారు.

శర్మగారు 1930ల్లో కూచిపూడిలోనే పుట్టారు. అన్న ప్రహ్లాద శర్మగారి దగ్గర అడుగు నేర్చారు. 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ. ఉషగా, మోహినిగా కూడా మెప్పించినా జనం గుండెల్లో ఆయన భామే.

ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. మగవాళ్ళే ఆడవేషం కట్టే మేళంలో ఆ జడ కూచిపూడి ఆడపిల్లలకు దక్కలేదు. కోస్తాలోనే భామాకలాపం ఆడిన కళావంతుల స్త్రీల గజ్జెలు 1947 మద్రాసు దేవదాసీ చట్టంతో గుడి ముంగిట మూగబోయాయి. ఈ రోజు కూచిపూడి నాట్యం నేర్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే. ఆ జడ వాళ్ళ వీపు మీద చూస్తే నా కడుపు నిండుతుంది.

రాత్రి మూడో జాము. సత్యభామ చెలికత్తె మాధవిగా చింతా కృష్ణమూర్తిగారు నిలదీస్తున్నారు. నీ మగడి పేరు చెబితేనే ఆయనకు రాసిన లేఖ తీసుకెళ్తానంటోంది మాధవి. అంతవరకూ తన పేరు పదిమందిలో ఎలుగెత్తి చెప్పిన సత్యభామకు పెనిమిటి పేరు నోట రావడం లేదు. కొనగోటితో నేల రాసింది. పైట చెంగు నోట కరిచింది. పిల్లనగ్రోవి పట్టి చూపింది, నెమలిపింఛం చూపింది. అవేవీ చాలవంటుంది మాధవి. సిగ్గు మొహమంతా పాకి, కళ్ళు మెల్లగా పైకి లేచి, పెదవి కదిలింది.

శర్మగారు 2012 నవంబరులో కన్నుమూశారు. ఆ పెదవి కదలిక చూసినవాళ్ళు ఈ ఊళ్ళలో ఇంకా ఉన్నారు. అడిగితే మాటల్లో చెప్పరు. లేచి నిలబడి, అరవై దాటిన మగవాళ్ళు, పైట చెంగు పట్టుకున్నట్టు వేళ్ళు మడిచి చూపిస్తారు.